నాన్న నోట్‌బుక్‌లో తొమ్మిదో ప్రశ్న

నేను నర్సును. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో కాపురం, ఘాజియాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం. చెడు కబురు చెప్పడం డాక్టర్ల పని అని పేరే గానీ, వాళ్ళు రెండు ముక్కలు ఇంగ్లీషులో అనేసి రౌండ్సుకి వెళ్ళిపోతారు. ఆ తర్వాత పేషంటు తాలూకు వాళ్ళు వచ్చి పట్టుకునేది మమ్మల్నే. "దీదీ, ఉమ్మీద్ హై?" అంటారు. ఆశ ఉందా అని. పదిహేనేళ్ళుగా నా దగ్గర దానికి ఒకటే జవాబు. ఉందని చెబుతాను. ఎంతమందికి నిజంగా ఉండి చెప్పానో, ఎంతమందికి లేకపోయినా చెప్పానో నాకే తెలియదు. ఆ నోటి అలవాటు నా ఇంటి మీదికే వస్తుందని మాత్రం ఊహించలేదు.

మాది గుంటూరు వైపు. ముసల్మానులమే గానీ మాట్లాడుకునేది తెలుగు, తిట్టుకునేది తెలుగు, నమాజు అయ్యాక దేవుడికి విడిగా కష్టసుఖాలు చెప్పుకునేదీ తెలుగులోనే. ఉర్దూ మాకు పెళ్ళిలో ఖాజీ నోట వినడం వరకే. నాన్నది దూదేకే పని. నలభై ఏళ్ళు పరుపులూ దిండ్లూ కుట్టాడు. ఊళ్ళో సగంమంది ఆయన ఏకిన దూది మీదే నిద్రపోయేవాళ్ళు. ఆ దూది దుమ్ము మాత్రం ఆయన ఊపిరితిత్తుల్లో చేరి కూర్చుంది.

వానలు తగ్గాక వైద్యానికని అమ్మనూ నాన్ననూ నా దగ్గరికి తెచ్చుకున్నాను. మా డాక్టరు స్కాన్ చూసి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయనీ, మందులు వేగాన్ని తగ్గిస్తాయే తప్ప బాగుచేయలేవనీ చెప్పాడు. ఎన్నాళ్ళని అడిగితే, "ఈ చలికాలం గడవనీ సిస్టర్" అన్నాడు. ఇంటికొచ్చి నేను చెప్పింది వేరు. నిమ్ము చేసింది, ఎండలు ముదిరితే తగ్గిపోతుంది అన్నాను. అమ్మ సరేనంది. నాన్న నా మొహం కాసేపు చూసి, టీ అడిగాడు.

హజ్‌కు పెట్టుకున్న దరఖాస్తులో ఆయన పేరు డ్రాలో వచ్చిందన్న కబురు ఆ నెలలోనే తెలిసింది. అమ్మ మోకాళ్ళ నొప్పులతో ముందే వద్దంది కాబట్టి ఆయన ఒక్కడే పెట్టుకున్నాడు. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసిన కబురు. ఫోన్ చేతిలో పట్టుకుని నాన్న ఏడ్చాడు. ఆ ఏడుపుకు దగ్గు వచ్చింది. ఆ దగ్గు అరగంట ఆగలేదు. నేను వీపు నిమురుతూ నిలబడ్డాను, నాకు సంతోషం రాలేదు, భయం వేసింది.

దీపావళి దాటాక ఇక్కడి గాలి సంగతి చెప్పనక్కర్లేదు. పగటిపూటే ఎదురు టవరు కనబడటం మానేసింది. కిటికీల సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కాం. హాల్లో ఆక్సిజన్ మిషను రోజంతా గురగురమంటూనే ఉండేది. కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు ఆ చప్పుడు ఆగిపోతే, ఇంట్లో అందరం ఎక్కడివాళ్ళం అక్కడ నిలబడిపోయేవాళ్ళం. వేలికి పెట్టే మీటరులో అంకె వారం వారం దిగుతోంది. తొంభై ఒకటి, ఎనభై ఎనిమిది, ఎనభై ఐదు. నాన్నకు కళ్ళజోడు లేకుండా ఆ అంకె కనబడదు. నేను మూడు కలిపి చెప్పేదాన్ని.

ఆయన మాత్రం ప్రయాణం పనిలో పడ్డాడు. మా అమ్మాయి సగం వాడి వదిలేసిన నోట్‌బుక్ తీసుకుని హజ్ గురించిన అనుమానాలన్నీ రాసుకున్నాడు. ఒక్కో ప్రశ్న కింద జవాబుకు రెండు గీతలు ఖాళీ. ఫోనులో వీడియోలు బోలెడు ఉన్నాయి కదా అంటే వినలేదు. మసలా, అంటే ధర్మసూక్ష్మం, తెలియనివాడు తెలిసినవాడి గుమ్మం ఎక్కి అడగాలి, జవాబు ఆ నోటే వినాలి, అది ఆయన పద్ధతి. కానీ ఇక్కడి మౌలానాకు తెలుగు రాదు, నాన్నకు ఉర్దూ రాదు. మధ్యలో నేను. ఎవరినో ఒకరిని తోడు పెట్టి పంపాల్సింది. ఆ బుద్ధి నాకు అప్పుడు పుట్టలేదు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం చిన్న సిలిండరు కారులో పెట్టుకుని వెళ్ళాం. దారిలో రోడ్డు పక్కన రజాయిలు కుట్టే దుకాణం ముందు మిషను దూది ఏకుతోంది. తెల్లటి పీచు గాల్లో లేస్తోంది. నాన్న కారు ఆపమన్నాడు. నేను వద్దంటున్నా అద్దం కొద్దిగా దించి, చేత్తో ఏకిన దూది మెత్తదనం దీనికి రాదని పెదవి విరిచాడు. అంత పొగమంచులో, ముక్కుకు గొట్టంతో, తనను తినేసిన పనిని అంత ముద్దుగా చూస్తున్న మనిషిని చూసి నాకు ఒళ్ళు మండింది. అద్దం ఎక్కించేశాను.

మౌలానా అరవై దాటిన మనిషి, నిదానస్తుడు. మసీదు పక్క గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి, నాన్న ఆయాసం తగ్గేదాకా ఏమీ అడగకుండా ఆగాడు. నాన్న నోట్‌బుక్ తెరిచి ఒక్కొక్కటే చదివాడు, నేను హిందీలో చెప్పాను, ఆయన జవాబు తెలుగులో నాన్నకు చెప్పాను. చక్రాల కుర్చీలో కూర్చుని కాబా చుట్టూ తిరగవచ్చా? నడవలేనివాడికి వచ్చు. షైతానుకు రాళ్ళు నా బదులు ఇంకొకరు వేయవచ్చా? అక్కడిదాకా పోలేని రోగికి వచ్చు. హజ్‌లో కట్టే ఇహ్రాం బట్టల్లో ఉండగా మగవాడు తల కప్పకూడదు కదా, మరి ఈ గొట్టం? అది తల కప్పడం కిందికి రాదు. ఛాతీకి రాసుకునే బామ్‌కు వాసన ఉంటుందే? వాసన లేనిది వెతుక్కోవాలి, తప్పనిసరి అయితే మూడు ఉపవాసాలో ఆరుగురు పేదలకు దానమో పరిహారం. అరఫాత్ మైదానంలో స్పృహ తప్పితే? ఆ రోజు ఆ నేల మీద ఉంటే చాలు. ఎనిమిదో ప్రశ్న, బయలుదేరాక దారిలోనే పోతే? అలా పోయినవాడికి హజ్ పుణ్యం దక్కుతుందని మౌలానా చెప్పినప్పుడు నాన్న మొహం వెలిగింది. అంతకుముందు నేను ఎప్పుడూ చూడని వెలుగు అది. నాకు నచ్చలేదు.

తొమ్మిదోది ఆఖరుది. ఒకవేళ నేను వెళ్ళలేకపోతే నా బదులు అల్లుడిని పంపవచ్చా? మా ఆయన గల్ఫ్‌లో పనిచేసిన రోజుల్లోనే తన హజ్ చేసుకున్నాడు కాబట్టి ఆ అర్హత ఉంది. బదల్ హజ్ అంటారు దాన్ని.

మౌలానా, జబ్బు తగ్గే ఆశ ఉంటే ఆగాలన్నాడు. ఇప్పుడు ఇంకొకరిని పంపి, రేపు కోలుకుంటే, మళ్ళీ తనే వెళ్ళాల్సి ఉంటుంది. చనిపోయేదాకా తగ్గదని తేలితే మాత్రం ఆలస్యం చేయకుండా పంపాలి, అది ఆయన మీద ఉన్న విధి. ఇంత చెప్పి నాకేసి తిరిగాడు.

"బేటీ, నువ్వు ఆసుపత్రి మనిషివి. డాక్టర్లు ఏమంటున్నారు?"

నాన్న కూడా నాకేసే చూస్తున్నాడు. సిలిండరు సన్నగా బుసకొడుతోంది. స్కాన్ నా కళ్ళ ముందు ఉంది, డాక్టరు మాట చెవిలో ఉంది. నోరు మాత్రం అలవాటైన పని చేసింది.

"ఉమ్మీద్ హై" అన్నాను.

అయితే ఆగమని చెప్పు, దేవుడు పిలుస్తాడు అన్నాడు మౌలానా. ఆ మాట నాన్నకు చెప్పాను. అక్కడితో అయిపోలేదు. లేవబోతుంటే మౌలానా ఇంకో మాట అన్నాడు. ఎవరి ఘడియ ఎప్పుడో ఎవరికీ తెలియదు, ఎందుకైనా మంచిది, నాకేమైనా అయితే నా తరఫున హజ్ చేయించండని వసియత్ రాసి పెట్టుకోమని చెప్పు, అన్నాడు. వీలునామా అన్న మాట ఆ గొట్టం పెట్టుకున్న మనిషితో ఎలా అనడం? అన్న మరుక్షణం నా అబద్ధం కూలిపోదూ? నేను నాన్న చెయ్యి పట్టుకుని లేపాను.

"ఏమంటన్నారమ్మా?" అన్నాడు నాన్న.

"జాగ్రత్తగా వెళ్ళమంటున్నారు నాన్నా" అన్నాను.

ఆ ఏడాది ప్రయాణం రద్దు చేసుకున్నాం. తర్వాతి మూడు వారాలు రోజుకో మెట్టు దిగడమే. గోళ్ళు నీలంగా మారాయి. మంచం దిగి బాత్రూముకు పోవడం ఒక ప్రయాణమైంది. ఎనభై చూపిస్తే మూడు కలిపి చెప్పడానికి నాకే సిగ్గేసి, మీటరు డ్రాయరులో పడేశాను. ఒక మధ్యాహ్నం అన్నం తినిపిస్తుంటే నాన్న చెంచా పక్కకు నెట్టాడు.

"ఆ రోజు మౌలానా చివర్లో ఇంకేదో పెద్ద మాటే అన్నాడు. నువ్వు చెప్పింది చిన్నదిగా ఉంది."

చెప్పడానికి ఇంతకన్నా బాగా తలుపు ఎవరు తెరుస్తారు? ఒక్క మాట చాలు, ఆయన కాగితం అడిగేవాడు, రెండు వాక్యాలు రాసేవాడు.

"అంతే నాన్నా, ఇంకేమీ లేదు" అన్నాను.

నాన్న తల ఊపి చెంచా కోసం నోరు తెరిచాడు. జనవరిలో, పొగమంచుకు మధ్యాహ్నం కూడా దీపాలు వేసుకున్న ఒక రోజు, ఆయన పోయాడు. మిషను ఆపింది నేనే. ఆ తర్వాత ఇంట్లో వినబడిన నిశ్శబ్దాన్ని నేను భరించలేకపోయాను, టీవీ పెట్టేశాను. చుట్టాలు వింతగా చూశారు.

నలభై రోజులు దాటాక ఒక్కదాన్నే మౌలానా దగ్గరికి వెళ్ళాను. నాన్న తరఫున మా ఆయన ఇప్పుడు హజ్ చేస్తే చెల్లుతుందా అని అడిగాను. వసియత్ రాశారా అని ఆయన అడిగాడు. లేదన్నాను. చెప్పమన్నాను కదా బేటీ, అన్నాడు. నేను చెప్పలేదన్నాను. స్కాన్ సంగతి కూడా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని అనిపించింది. వసియత్ ఉంటే అది ఆయన చేయించుకున్నట్టే అయ్యేది, ఇప్పుడు వారసులు తమంతట తాము చేస్తే దేవుడు స్వీకరిస్తాడని అనుకోవడమే, అన్నాడు.

"ఉమ్మీద్ హై, బేటీ."

ఆ మాట ఏ గొంతుతో అంటారో నాకు తెలుసు. వార్డులో నేను అనేది ఆ గొంతుతోనే.

అమ్మ అప్పటికి ఇద్దత్‌లో ఉంది. భర్త పోయినామె నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకూడదు. మా చిన్న గదిలో కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఈసారి ఒక్క మాట కూడా మింగకుండా, మౌలానా ఆ రోజు అన్నదీ, నేను చెప్పనిదీ, ఇవాళ అన్నదీ మొత్తం చెప్పాను. అమ్మ ఏడవలేదు, ఆశ్చర్యపోలేదు.

"మీ నాన్నకి తెలుసే. వసియత్ అన్న ముక్క తెలియని ముసలాడు మనలో ఎవడున్నాడు? ఆ రోజు ఇంటికి రాగానే నాతో అన్నారు, అమ్మాయి ఆ మాట మింగేసింది, అంటే నాకిక ఆశ లేదన్నమాట అని."

మరి ఎందుకు రాయలేదని అరిచినంత పని చేశాను. నోటిమాటగా నీతో అన్నా సరిపోయేది కదా అన్నాను.

"రాయమని నేనూ పోరాను. ఆయనేమో, రాసినా, నీ చెవిన వేసినా అమ్మాయికి తెలిసిపోద్ది, నేను దాని మాట నమ్మలేదని. ఉన్నన్నాళ్ళూ అది రోజూ నా మొహం చూసి అన్నం పెట్టాలి, పోనీలే అన్నారు. ఒకసారి అడిగి చూస్తాను, అది నోరు విప్పితే అప్పుడు రాస్తానన్నారు. అడిగారా నిన్ను?"

నేను లేచి వెళ్ళి నాన్న నోట్‌బుక్ తీశాను. ఎనిమిది ప్రశ్నల కిందా మౌలానా చెప్పినవి పొందిగ్గా రాసుకున్నాడు. తొమ్మిదో ప్రశ్న కింద, 'ఆశ ఉందట, ఆగమన్నారు' అని ఉంది. నేను చెప్పింది చెప్పినట్టే రాశాడు.