పచ్చి ఒళ్లు, గిలాసెడు నీళ్లు

మా అమ్మ మీద నాకు కోపం. ఆ సంగతి ఆమెకూ తెలుసు, దాచుకున్నదేమీ లేదు. నా బిడ్డ పుట్టిన తర్వాత పన్నెండు రోజులపాటు, మే నెల ఎండల్లో, ఆమె నన్ను కడుపారా నీళ్లు తాగనివ్వలేదు.

నేనేమీ చదువుకోని దాన్ని కాదు. బాలాపూర్ దగ్గర ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్తాను. మనిషి ఒంట్లో సగానికి పైగా నీళ్లేనని ప్రతి ఏడూ బోర్డు మీద రాస్తాను, పిల్లల నోట్సుల్లో దాని కింద ఎర్ర గీత కొట్టిస్తాను. అదంతా బడిలో. పురిటికని ఇబ్రహీంపట్నంలోని పుట్టింటికి వచ్చి మంచమెక్కాక నా చదువు ఎటు పోయిందో నాకే తెలియదు.

కాన్పు ఊళ్లోని దవాఖానలోనే అయింది. ఆడపిల్ల. ఇంటికి పంపేటప్పుడు అక్కడి నర్సు, యాభై దాటిన మనిషి, "అన్ని తిను, నీళ్లు మంచిగ తాగు, పాలు పడ్తయ్" అని చెప్పింది. నాకంటే ముందు మా అమ్మే "అవ్ సిస్టర్" అని తలాడించింది. ఆటో ఎక్కి కూర్చోగానే నా చెవుల్లో దూది కుక్కింది, తలకు గుడ్డ బిగించి కట్టింది. "వాళ్లు గట్లనే చెప్తరు. వాళ్లకేం పోయింది?" అంది.

ఆ ఇంట్లో చట్టం ఒక్కటే, పచ్చి ఒళ్లు. బాలింత ఒళ్లు పచ్చిగా ఉంటుందట. తాగిన నీళ్లు ఒంటికి పట్టేస్తాయట, పొట్ట జారుతుందట. ఆ నీళ్లే పాలల్లోకి దిగి బిడ్డకు జలుబు చేస్తుందట. ఇవన్నీ ఎవరు చెప్పారని అడిగితే వచ్చే జవాబు కూడా ఒక్కటే. "మేం కనలేదా, మీరు పుట్టలేదా?"

పత్తెం మొదలైంది. పొద్దున్నే శొంఠి, మిరియాలు, బెల్లం నేతిలో కలిపి దంచిన కాయం ముద్ద. అది గొంతులో దిగేసరికి కళ్లలో నీళ్లు తిరిగేవి. రెండు పూటలా వేడన్నంలో ఎల్లిపాయ కారం, నెయ్యి. పప్పు తింటే బిడ్డకు కడుపునొప్పి, పెరుగు తింటే దగ్గు, వంకాయ తింటే దురద, అరటిపండు చలువ, గుడ్డు తింటే కుట్లు చీము పడతాయి. చూడటానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ బిడ్డ చేతిలో ఏదో ఒకటి పెట్టి, నా కంచంలోంచి ఒక కూరను తీసేసి పోయేది. పక్కింటి పెద్దమ్మ ఒక్కతే నాలుగు తీసేసింది. ఇక నీళ్లంటారా, ఓమ వేసి మరిగించినవి, అన్నం తిన్నాక ఒక చిన్న గిలాస. టీ తాగే గిలాసంత. రోజుకు రెండు.

దాహం ఎట్లా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. నాలుక అంగిలికి అంటుకునేది. బయట వాకిట్లో పంపు కింద ఎవరో బిందె పెట్టుకుంటే, నీళ్లు నిండే చప్పుడు చివరిదాకా విని, బిందె నిండిపోయినందుకు ఏడ్చేదాన్ని. మా అమ్మ చూసి, "బాలింతలు ఊకె ఏడువద్దు, కండ్లు పోతయ్" అనేది. నీళ్లు ఇవ్వదు, ఏడవనివ్వదు.

స్నానం కూడా ఆమే పోసేది. వాయిలాకు వేసి కాగబెట్టిన నీళ్లు, ఒళ్లు ఎర్రబడేంత వేడి. పక్కనే, వేడి తగ్గేలా తొలుపుకోవడానికి ఒక బకెట్లో చల్లనీళ్లు. ఐదో రోజు, లోపల బిడ్డ ఏడ్చిందని ఆమె చెంబు అక్కడే పెట్టి పోయింది. నేను బకెట్లో చెంబు ముంచి తాగాను. ఒకటి అయ్యాక ఇంకొకటి ముంచాను. ఆ రెండు చెంబుల నీళ్లంత రుచిగా నేను ఈ జన్మలో ఏమీ తినలేదు, తాగలేదు. ఆమె తిరిగొచ్చేసరికి బుద్ధిగా కళ్లు మూసుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున బిడ్డ తుమ్మింది. మూడు సార్లు తుమ్మింది, అంతే. అమ్మ నా మొహంలోకి చూసి, "నీళ్లు తాగినవా?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

"నిజం చెప్పు."

"లేదన్న కద."

ఇక్కడ నా మీద కూడా నాకు కోపం. ఎందుకంటే నేను భయపడ్డాను. తొమ్మిదో తరగతికి పాఠం చెప్పే నేను, నేను తాగిన నీళ్లు బిడ్డ ముక్కులోకి వచ్చాయని నమ్మాను. పసిపిల్లలు ముక్కులో నలక పడినా తుమ్ముతారని నాకు తెలియదా? తెలుసు. తెలిసి కూడా నమ్మాను. ఆ రోజు నుంచి బకెట్ వైపు చూడటం కూడా మానేశాను. అమ్మ కాపలా అక్కర్లేకుండా నాకు నేనే కాపలా కాసుకున్నాను.

తొమ్మిదో రోజుకల్లా పాలు తగ్గిపోయాయి. బిడ్డ నోరు పెట్టి లాగేది, రాకపోతే వదిలేసి ఏడ్చేది, మళ్లీ లాగేది. పక్కింటి పెద్దమ్మ గడపలో కూర్చుని తీర్పు చెప్పింది. "సదువుకున్న పిల్లలకు పాలు పడవు. కుర్చీల కూసొని కూసొని రొమ్ములు ఎండిపోతయ్." మా అమ్మ కాదనలేదు. కాయం ముద్ద కొంచెం పెద్దది చేసింది. ఆదివారం మా ఆయన వస్తే ఆయనతోనూ "మీ ఆమెకు పాలు తక్కువ" అని చెప్పారు. ఆయన ఏదో నా తప్పే అన్నట్టు నన్ను జాలిగా చూశాడు. ఆ చూపుకు చెంబు విసిరి కొట్టాల్సింది. నాకు అందేంత దూరంలో చెంబు పెట్టేవాళ్లు కాదు.

పన్నెండో రోజు పొద్దుటి నుంచి బిడ్డ కింద పరిచిన గుడ్డ తడవలేదు. పదకొండైనా పొడిగానే ఉంది. ఏడుపు కూడా సన్నబడింది. తల నిమిరితే నడినెత్తిన మెత్తగా ఉండే మాడ దగ్గర నా వేలు గుంటలోకి దిగింది. నేను అమ్మను పిలిచి చూపించాను.

ఆమె చూసి, "మాడ కూలింది. ఆముదం పెడ్తె లేస్తది" అని లోపలికి పోయి ఆముదం సీసా, నెత్తిన వేయడానికి ఒక ఆకు తెచ్చింది.

ఆ సీసా చూడగానే నాకు పిచ్చి కోపం వచ్చింది. బిడ్డను ఎత్తుకుని చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి వచ్చేశాను. "ఇరవై ఒకటో దినం కాకముందే గడప దాటుతవె?" అని ఆమె వెనకాల అరుస్తూ వచ్చింది. ఒక చేతిలో ఆముదం సీసా, ఇంకో చేతిలో నా తలకు కట్టే గుడ్డ. ఆటోలో నేను ఎక్కితే నా పక్కనే ఎక్కింది. దవాఖాన వచ్చేదాకా ఆ గుడ్డ నా తలకు కట్టాలని ఆమె, లాగి పారేయాలని నేను. ఆటో అతను ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి మళ్లీ తిరగలేదు.

అక్కడ అదే నర్సు ఉంది. బిడ్డ మాడ మీద చెయ్యి పెట్టి, పొట్ట మీది తోలు కొంచెం పట్టి వదిలి, "పొద్దుగాల నుంచి ఉచ్చ పోసిందా?" అని అడిగింది. లేదన్నాను. ఆమె వెంటనే బిడ్డను నా చేతిలోంచి తీసుకుని లోపలికి పోయింది. డాక్టరు వచ్చింది. ఆ చిన్న చేతికి సూది గుచ్చారు. తర్వాత నర్సు బయటికొచ్చి నా పెదాలు చూసింది.

"పొద్దుగాల నుంచి ఎన్ని నీళ్లు తాగినవ్?"

"నన్ను కాదు, ఆమెను అడగండి" అని మా అమ్మను చూపించాను.

నర్సుకు ఎవరూ ఏమీ వివరించాల్సిన పని పడలేదు. రోజూ చూసే కథే కాబోలు. "పత్తెం పెట్టినవా పెద్దమ్మా?" అని అడిగి, మా అమ్మ నోరు తెరిచేలోపే అందుకుంది. "పాలంటే ఏంది? నీళ్లు కాదా? తల్లిని ఎండబెడ్తె పిల్లకు పాలు ఎక్కడికెల్లి వస్తయ్? ఇంక జర ఆలస్యమైతె పిల్ల చేతికి రాకపోవు."

తన నీళ్ల సీసా తెచ్చి నా చేతికిచ్చింది. నేను మా అమ్మ కళ్లలోకి చూస్తూ సీసా ఖాళీ చేశాను. గడ్డం కింద నుంచి నీళ్లు కారి జాకెట్ తడిసినా ఆగలేదు. ఆమె చూసి బాధపడాలనే అట్లా తాగాను. ఆమె చూపు తిప్పుకోకుండా నిలబడి చూసింది.

సాయంత్రానికి బిడ్డ గుడ్డ తడిపింది. నర్సు ఆ తడిగుడ్డ తెచ్చి చూపిస్తే నేను దాన్ని మొహానికి పెట్టుకుని ఏడ్చాను. ఇక భయం లేదు, రెండు రోజులు ఉంచి పంపుతామన్నారు. ఆ మాట చెబుదామని, చెప్పడం కంటే ముఖ్యంగా నాలుగు మాటలు దులుపుదామని, వరండాలో బెంచీ మీద కూర్చున్న అమ్మ దగ్గరికి పోయాను.

నేను నోరు తెరవకముందే ఆమె, "నేను గూడ తాగిన" అంది.

"ఏం తాగినవ్?"

"నీళ్లు. నీకంటె ముందు పుట్టినోని అప్పుడు."

నాకంటే ముందు ఒక మగపిల్లవాడు పుట్టి నెల లోపలే పోయాడని మాకు తెలుసు. ఎట్లా పోయాడో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పుడు గోడ వైపు చూస్తూ చెప్పింది. "మస్తు దూప అయితుండె. మీ నాయనమ్మ పొలం పోయినప్పుడు కుండల చెంబు ముంచి తాగిన. ఒక్కటే చెంబు. తాగంగనె ఆమె వచ్చి చూసింది. నాలుగు దినాలకు పోరనికి గిట్లనే మాడ కూలింది. పోయిండు. నీళ్లు తాగి కొడుకును సంపుకున్నదని మీ నాయనమ్మ సచ్చేదాక అన్నది. నీకు గట్ల కావొద్దనే..."

అక్కడ ఆగిపోయింది. ఆగినప్పుడు నేను ఊరుకుంటే సరిపోయేది. కానీ పన్నెండు రోజుల కోపం నా నోట్లో ఉంది, గెలిచే మాట దొరికింది. బోర్డు ముందు నిలబడి తప్పు దిద్దినట్టు అనేశాను.

"నీళ్లు తాగితె ఎవ్వరు సావరమ్మా. నువ్వు తాగనందుకు సచ్చిండు."

ఆ పిల్లవాడు ఏ జబ్బుతో పోయాడో నాకేం తెలుసు? ఏ డాక్టరు చూశాడు? అయినా తెలిసినట్టే చెప్పాను. నేను చెప్తే ఆమె నమ్ముతుంది, సైన్సు చదివిన బిడ్డను కదా.

అమ్మ కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. తర్వాత, క్లాసులో అర్థంకాని పిల్ల అడిగినట్టు అడిగింది.

"అయితే ఆ దినం ఇంకో చెంబు తాగుంటె బతుకుతుండెనా?"

నేను తెలియదు అన్నాను. ఆమె వినిపించుకోలేదు. చెంబు ఎంత పెద్దదో చేతులతో చూపించి, "గింత చెంబు. ఇంకోటి తాగుతుంటి. అప్పటికి మీ నాయనమ్మ పొలంకెల్లి వచ్చి ఇంకా వాకిట్లనే ఉన్నది" అంది.

నా బిడ్డ ఇప్పుడు మూడో తరగతి. మా అమ్మ మీద నా కోపం పోలేదు, పోవాలని కూడా నాకు లేదు. కానీ ఆ రోజు వరండాలో నేనన్న మాట ఆమె ఇంకా మోస్తూనే ఉంది. చింతపండు గింజలు తీస్తూనో, బియ్యం చెరుగుతూనో, ఎవరూ లేరనుకుని చేతులతో చెంబు కొలత పెట్టి చూసుకుంటుంది. నేను గుమ్మంలో నిలబడి చూసి లోపలికి పోతాను.