దరఖాస్తు అందిందన్న అబద్ధం

జగిత్యాల కొత్త జిల్లా అయిన మరుసటి వేసవిలో అక్కడి ఒక వలస కార్మికుల సహాయ సంస్థలో సిస్టమ్స్ సూపర్‌వైజర్‌గా చేరాను. హెడ్డాఫీసు జగిత్యాలలో, శాఖలు కోరుట్లలో, సిరిసిల్లలో ఉండేవి. గల్ఫ్‌కు పోయి చిక్కుకున్నవాళ్ల కుటుంబాల నుంచి దరఖాస్తులు తీసుకోవడం, ఎంబసీకి రాయడం, జవాబు వచ్చేదాకా వెంటపడటం సంస్థ పని. సంస్థ వెబ్‌సైటును చూసుకోవడం నా పని. నా పైన ప్రాజెక్టు మేనేజర్ ఉండేవాడు. నా కింద ఎవరూ లేరు.

ఇలాంటి సైట్లను ఎవరూ మొదటి అక్షరం నుంచి రాయరు. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని ఒక చట్రం ఉంటుంది. ఇతరులు ముందే తయారుచేసి పెట్టిన మాడ్యూళ్లను దానికి తగిలిస్తాం. ఫొటోలు తిప్పడానికి ఒకటి, వార్తలు చూపడానికి ఒకటి, దరఖాస్తు ఫారానికి ఒకటి. తయారుచేసినవాళ్లు లోపాలు సవరించి అప్పుడప్పుడు కొత్త వెర్షన్ ఇస్తారు. దాన్ని వేసుకోవడమే అప్‌డేట్. ముందు బ్యాకప్ తీయాలి. నకలు సైట్ మీద వేసి చూసి, తర్వాతే అసలు సైట్ మీద వేయాలి. చివరికి ఒక ఉత్తుత్తి దరఖాస్తు పంపి, అది దరఖాస్తులు చూసే గుమాస్తా మెయిల్‌కు చేరిందో లేదో చూడాలి.

నేను చేరకముందు ఒకసారి అప్‌డేట్ చేస్తే ఫొటోల మాడ్యూల్ చెడిపోయిందట. ముఖ్య అతిథుల ఫొటోలు కనిపించలేదని మేనేజర్‌కు చీవాట్లు పడ్డాయట. అప్పటి నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా ఏ మాడ్యూల్‌నూ ముట్టకూడదని ఆజ్ఞ. దరఖాస్తు మాడ్యూల్ బాగా పాతబడిందని, అప్‌డేట్‌కు అనుమతి కావాలని నేను రెండుసార్లు నోట్ పెట్టాను. రెండోదాని మీద ఆయన, "నడుస్తున్నదాన్ని కదిలించవద్దు" అని రాసి పంపాడు. నేను దాన్ని ఫైలులో పెట్టుకున్నాను. నిజంగా నడుస్తోందా అని చూడలేదు. ఒక ఉత్తుత్తి దరఖాస్తు పంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదీ చేయలేదు.

జూలైలో రాజవ్వ వచ్చింది. బీర్పూర్ మండలంలో ఒక ఊరు. బీడీలు చుడుతుంది. భర్త మల్లయ్యది తాళ్లెక్కి కల్లు గీసే కుటుంబం. తాళ్లు ఎండిపోయి బతుకు గడవక గల్ఫ్‌కు, ఇండ్లు కట్టే పనికి పోయాడు. పరంజా మీది నుంచి పడి కాలు విరిగింది. కంపెనీవాళ్లు కట్టు కట్టించి కూలీల క్యాంపులో పడేశారు. పాస్‌పోర్టు ఇవ్వలేదు. రాజవ్వ తల్లిగారిల్లు కోరుట్ల. అక్కడ మా శాఖ ఉందని తెలియక, నెట్ షాపులో మా సైట్ ద్వారా మూడుసార్లు దరఖాస్తు పెట్టించింది.

గుమాస్తా రిజిస్టరంతా వెతికి, "గా పేరు మీద ఏం రాలేదమ్మా" అన్నాడు.

ఆమె చీరకొంగులోంచి మూడు ప్రింటు కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. మూడింటి మీదా ఒకే మాట, పచ్చటి అక్షరాల్లో: మీ దరఖాస్తు అందింది, మూడు రోజుల్లో ఫోన్ చేస్తాము.

"రాకుంటె గిది ఎవలు రాసిండ్రు?" అంది. "నాకు సదువు రాదు సార్. షాపాయన సదివి చెప్పిండు. ఫోన్ పక్కకు వెట్టుకొని బీడీలు చుట్టిన. నెల మీద పది రోజులాయె. అందలేదని చెప్తే ఇంకోకాడికన్న వోదును గద! మీరే గద నన్ను ఇంట్ల కూసోవెట్టింది!"

గుమాస్తా నా వైపు చూశాడు. నేను ఆమెను కూర్చోమని చెప్పి లోపలికి పోయి డేటాబేస్ తెరిచాను. విషయం తెలియడానికి పావుగంట పట్టలేదు. జూన్ మొదట్లో సర్వర్ నడిపే కంపెనీ తన సాఫ్ట్‌వేర్ మార్చింది. మా పాత మాడ్యూల్‌లో మెయిల్ పంపే భాగం దానితో పొసగలేదు. ఫారం నింపితే తీసుకొని దాచుకునేది. అందిందని చెప్పేది. ఎవరికీ పంపేది కాదు. చేతికిచ్చే దరఖాస్తులు వస్తూనే ఉండటంతో మెయిల్ ఆగిందని గుమాస్తాకు తట్టలేదు.

లోపల ముప్పై ఏడు దరఖాస్తులున్నాయి. పెగడపల్లి నుంచి, వేములవాడ నుంచి, సిరిసిల్ల నుంచి. "మా తమ్ముడు ఫోన్ లేపుతలేడు." "మా ఆయనను జైల్ల వేసిండ్రట, ఏ జైలో ఎర్కలేదు." ఒక్కొక్కటి చదువుతుంటే నాకు కోపం వచ్చింది. అందులో సగం నా మీదే.

మేనేజర్ దగ్గరికి పోయి చెప్పాను. ఆయన నాకంటే చాలా చిన్నవాడు, మర్యాద తప్పని మనిషి. మంగళవారం సంస్థ పని చూడటానికి ఢిల్లీ నుంచి పరిశీలకులు వస్తున్నారని, అప్పటిదాకా సైట్ ముట్టవద్దని అన్నాడు. ఈ ముప్పై ఏడింటిని ఈ రోజే అందినట్టు రిజిస్టరులో ఎక్కించమన్నాడు.

ఏ దరఖాస్తు ఏ రోజు, ఏ గంటకు వచ్చిందో డేటాబేస్‌లో ఉందన్నాను.

"డేటాబేస్ ఎవరు చూస్తారు సార్?" అన్నాడు.

నా సర్వీసులో నేను గొంతు పెంచింది ఆ ఒక్కసారే. "బయట కూసున్న ఆమె చూస్తది" అన్నాను. "ఆమె కాగితాల మీద తారీఖులున్నయి. పోయి ఆమెకు చెప్పుండ్రి, ఈ రోజే అందిందని!"

ఆయన లేవలేదు. నేను జవాబు కోసం ఆగలేదు. బ్యాకప్ తీసి, నకలు సైట్ మీద వేసి చూసి, అసలు సైట్ మీద దరఖాస్తు మాడ్యూల్‌ను అప్‌డేట్ చేశాను. దానితో పాటు ఫొటోల మాడ్యూల్ మళ్లీ చెడిపోయింది. మొదటి పేజీలో అతిథుల ఫొటోల చోట తెల్లటి గడి మిగిలింది. దాన్ని అట్లాగే వదిలేశాను. కోరుట్ల శాఖ నుంచి ఉత్తుత్తి దరఖాస్తు పంపించాను. చేరింది. అప్పుడు ముప్పై ఏడు కాగితాలు అచ్చు తీసి, నేనూ గుమాస్తా చెరిసగం పంచుకొని ఫోన్లు మొదలుపెట్టాం. రాజవ్వ కాగితాలు అదే సాయంత్రం ఎంబసీకి పోయాయి.

సిరిసిల్లకు చేసిన ఫోన్ ఒకటి ఇప్పటికీ మరచిపోలేదు. దరఖాస్తు పెట్టినాయన పవర్‌లూమ్ కార్మికుడు. సాంచాలు, అంటే మరమగ్గాలు, సరిగ్గా నడవక అన్న గల్ఫ్ పోయాడు, అక్కడ జబ్బుపడ్డాడు, తీసుకురండి అని రాశాడు. నేను ఎవరినో చెప్పుకున్నాను. వెనుక సాంచాల చప్పుడు. అవతలి మనిషి కొంచెం దూరం నడిచి వచ్చినట్టున్నాడు, చప్పుడు తగ్గింది.

"మా అన్న దినాలు గూడ అయిపోయినయ్ సార్" అన్నాడు. "ఇప్పుడు చేసిండ్రా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు.

మల్లయ్యను రెండు వారాల్లో ఆసుపత్రికి మార్చారు. అప్పటికే కట్టు కింద పుండు ముదిరింది. మోకాలి కింద కాలు తీసేశారు. బతుకమ్మ పండుగకు ముందు ఇంటికి తెచ్చారు. కాగితాల మీద వేలిముద్ర వేయడానికి వచ్చిన రాజవ్వ, "మనిషైతె అచ్చిండు" అంది. "కడమోళ్లకు చేసిండ్రా ఫోన్లు?" అని అడిగింది. మిగతావాళ్లందరికీ చేశామన్నాను. ఎవరు దక్కారు, ఎవరు దక్కలేదు అని ఆమె అడగలేదు.

రిజిస్టరులో అసలు తేదీలే ఎక్కాయి. అనుమతి లేకుండా సైట్ మార్చినందుకు నాకు మెమో వచ్చింది. మేనేజర్ మరుసటి ఏడు ఇంకా పెద్ద ఉద్యోగానికి హైదరాబాద్ పోయాడు. సిరిసిల్ల మనిషికి సంస్థ తరఫున ఎవరూ క్షమాపణ చెప్పలేదు. నేను సొంతంగా ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రావాలని అనుకోవడం కూడా తప్పే.

తెర మీద కనిపించే మాట రుజువు కాదు. దరఖాస్తు అందిందో లేదో దాన్ని చదివిన మనిషి చెప్పాలి, యంత్రం కాదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. పద్ధతిలోనే ఉంది. తెలిసీ చేయని పనికి పై అధికారి సంతకం సాకు కాదని మాత్రం అప్పుడు నేర్చుకున్నాను. తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి సోమవారం బయటి ఊరి నుంచి ఒక దరఖాస్తు పంపించేవాణ్ని. గుమాస్తా ఫోన్లో అందులోని పేరు చదివి వినిపిస్తేనే ఆ వారం సైట్ నడుస్తోందని రాసేవాణ్ని.