చెరువులో ఈదిన పూలుపండ్ల వ్యాను

ఆ రోజుల్లో, అంటే కొత్త రాష్ట్రం వచ్చిన తొలినాళ్లలో, నేనింకా కుర్రవాణ్ణే. (యాభై ఆరేళ్లు. ఇప్పుడు నన్ను చూసినవాళ్లు అది కుర్రతనమే అని ఒప్పుకుంటారు.) ఎవరినీ అడగకుండా దారి కనుక్కున్నవాడే మొనగాడన్న వెర్రి నాకు అప్పుడే పట్టింది. ల్యాప్‌టాప్‌లో జిల్లా పటం, దానికి వైరుతో తగిలించిన అగ్గిపెట్టెంత జీపీఎస్ రిసీవరు. మనం కదిలితే పటం మీద ఎర్ర బాణం కదులుతుంది. ఆకాశంలోని ఉపగ్రహాలు నన్ను పేరు పెట్టి పలకరిస్తాయని చెప్పుకునేవాణ్ణి. (నిజానికి నేనెక్కడున్నానో పట్టుకోవడానికే వాటికి పావుగంట పట్టేది.)

ఈ గొప్పలు నమ్మి మా బావ, తన కొడుకు పెళ్లి ఖాయం చేసుకునే పూలుపండ్ల వేడుకకు నల్లగొండ నుంచి బయలుదేరిన వ్యానులో నాకు డ్రైవరు పక్క సీటు ఇచ్చాడు. పిల్ల ఊరు చౌటుప్పల్ అవతల. ఆ రోజు శుక్రవారం, పదిన్నరకు రాహుకాలం. ఆలోపు పిల్ల ఒడిలో చీర, పండ్లు పడకపోతే ఆమె మేనమామ కండువా దులుపుకొని లేచిపోయే రకం. ఎంతో బతిమాలి కుదుర్చుకున్న సంబంధం. చిట్యాల దాటగానే నేను తెర చూసి, "దగ్గరి తొవ్వ ఉన్నది, బండి కుడికి మలుపు" అన్నాను.

"జర ఎవరినన్న అడుగుదమా సార్?" అన్నాడు డ్రైవరు.

"ఉపగ్రహం చెప్తాంటే ఇంకెవలను అడుగుతవ్?"

కొంత దూరం పోయాక మట్టిబాట కాస్తా నున్నటి తారురోడ్డయింది. ఎదురుగా పెద్ద కమాను, లోపల షామియానా. టైలు కట్టుకున్న ఇద్దరు పరుగెత్తుకొచ్చి అందరికీ మజ్జిగ అందించారు. "చూసినవా బామ్మర్దీ, పిల్ల తరపోల్లు మర్యాద మంచిగ చేస్తాండ్రు" అని బావ మీసం దువ్వుకున్నాడు. అప్పుడు టై ఆయన, "కార్నర్ బిట్ చూస్తరా సార్?" అన్నాడు.

"బిట్ ఏంది, పిల్లేది?" అంది పండ్ల పళ్లెంతో దిగిన మా అక్క.

అది ప్లాట్లు అమ్మే వెంచరు! అప్పటికే పది దాటింది. తెర చూస్తే ఎర్ర బాణం నీలిరంగు నడుమ ఈదుతోంది. "ల్యాప్‌టాప్ ఖరాబైంది, మనల్ని చెరువుల చూపిస్తాంది" అని దాని వీపున ఒకటి చరిచాను. అక్క తెర చూసింది, చుట్టూ చూసింది.

"ఖరాబు కాలేదు తమ్మీ. గా కట్ట చూడు, గా తూము చూడు. మనం చెరువులనే ఉన్నం!"

ఆమె గొంతు నెమ్మదిది కాదు. ప్లాట్లు కొనడానికొచ్చి షామియానాలో పులిహోర తింటున్నవాళ్లంతా తలలెత్తారు. "ఏం చెరువమ్మా?" అని ఒకాయన విస్తరి వదిలి లేచాడు.

టై ఆయన ముఖం వాడిపోయింది. "అమ్మా, మెల్లగ! మీరు యాడికి పోవాలె?"

"పిల్లోల్లింటికి. రాహుకాలం పడకముందే."

"నేనే తోల్కపోత, ముందుగాల బండెక్కుండ్రి!"

మోటారు సైకిలు మీద హారను మోగిస్తూ, మమ్మల్ని మంత్రి గారి కాన్వాయిలా పిల్ల గుమ్మం దాకా దిగబెట్టాడు. మేనమామ గడియారం చూసుకుంటుండగానే చీర ఒడిలో పడింది.

ఆ చెరువు గుట్టు బయటపెట్టడానికే కావాలని అటు తీసుకెళ్లానని చాలా ఏళ్లు చెప్పాను. (చెరువును పట్టింది అక్క, దారి చూపింది ప్లాట్లాయన. ఆ గొడవంతసేపూ నేను వైరు సరిచేస్తున్నట్టు సీటు కింద తల దాచుకున్నాను.)

ఇప్పుడు మా మేనల్లుడి కారులో ఫోనే దారి చెబుతుంది. వెనక కూర్చున్న నేను ఊరుకోలేక "ఎడమకు మలుపురా" అంటాను. "సరే మామా" అని వాడు కుడికి తిప్పుతాడు. ఆ "సరే మామా" వినడానికే ఇంకా చెబుతుంటాను.