అంగాళమ్మ ఆకు తరిగిన బల్ల

పేరుకు వడ్రంగే అయినా, కెలమంగలం వరదప్ప ముప్పై ఏళ్లు హోసూరు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పెట్టెలకు మేకులు కొట్టి రిటైరయ్యాడు. మనసు పెట్టి చేసిన సామాను ఇంట్లో ఒక్కటే ఉంది. పెళ్లయిన ఏడాది భార్య అంగాళమ్మకు చేసిచ్చిన పనస చెక్క బల్ల అది. పట్టుపురుగుల మేతకు ఆమె మల్బరీ ఆకు తరిగింది దాని మీదే. ఇన్నేళ్ల కత్తిగాట్లు బల్ల నిండా ఉన్నాయి.

అంగాళమ్మకు పురుగుల ముందు మొగుడు దిగదుడుపే. ఘాటు వాసన తగిలితే అవి మేత ముట్టవని, బీడీ తాగాలంటే అతణ్ణి రోడ్డు దాకా తరిమేది. ఆ ఇంట్లో అగరుబత్తి కూడా వెలిగేది కాదు. ఆమె పోయి రెండేళ్లయింది. పురుగుల పెంపకం ఆగిపోయి గది ఖాళీ అయింది. ఇప్పుడు వరదప్ప ఎక్కడ కూర్చుని బీడీ తాగినా తిట్టేవాళ్లు లేరు. అదే అతని బాధ.

హోసూరులో కాపురముంటున్న కూతురు శోభన ఆ బల్ల అడిగింది. "టీవీ కింద పెట్టుకుంటాను నాయనా. ఆ గాట్లన్నీ పోయేటట్టు చిత్రిక పట్టి, బాగా పాలీష్ కొట్టు. ఆదివారం వస్తాను" అంది ఫోన్లో. వరదప్ప మనసు చివుక్కుమంది. బిడ్డ కూడా మరిచిపోతే ఇక అంగాళమ్మను తలుచుకునేది తనొక్కడే.

ఊగుతున్న బల్ల కాలికి కొత్త చీల దిగ్గొట్టాడు. పాత మురికిని ఉప్పుకాగితంతో రుద్దాడు. చిత్రికను మూడుసార్లు చేతికి తీసుకుని మూడుసార్లూ కింద పెట్టేశాడు. చివరికి గాట్ల మీదే పాలీష్ కొడదామని, బల్లనూ డబ్బానూ రోడ్డు పక్కకు మోసుకుపోయాడు.

పక్కింటి మాదప్ప ఆవును తోలుకుంటూ అటే వచ్చాడు. "ఏమప్పా, ఇంత దూరం మోసుకొచ్చినావు? ఇంటికాడ చోటు లేదా?"

"ఇంట్లో పురుగులుండాయి కదప్పా" అనేశాడు వరదప్ప.

అన్నాక గాని తనేమన్నాడో తెలిసి రాలేదు. మాదప్ప నవ్వలేదు, ఆవును అదిలించుకుంటూ వెళ్లిపోయాడు. వరదప్ప కళ్లు తుడుచుకుని డబ్బా మూత తీశాడు.

ఆదివారం శోభన వచ్చింది. గాట్లు చూసి వద్దంటుందేమోనని లోలోపల బెదురుతూనే, వరదప్ప వాకిట్లో ఉన్న బల్లనెత్తి గడప దాటించబోయాడు.

"నాయనా, ఆడే ఆగు! ఆ వాసనతో లోపలికి తెస్తావా? పురుగులు..." అంటూ శోభన గబుక్కున అడ్డమొచ్చింది. మాట సగంలోనే ఆగిపోయింది.

అచ్చం తల్లి గొంతే. ఇద్దరూ ఖాళీ గది వైపు చూశారు. శోభన బల్ల పక్కనే కూలబడి, ఆ గాట్లు తడుముతూ ఏడ్చింది.

"చిత్రిక పట్టలేదా నాయనా?"

"చేతులు రాలేదమ్మా."

"మంచి పని చేసినావు."

ఆ పూటంతా బల్ల వాకిట్లోనే ఉండిపోయింది. లోపలికి తెద్దామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.