గంగులప్ప తుడిచిన రిఫ్లెక్టర్లు

మొన్న పూజసామాను తోముదామని ఇత్తడి పాలిష్ డబ్బా మూత తీశాను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే చెయ్యి ఆగిపోయింది. పదేళ్లుగా ఇదే వరస. ఆ వాసన నన్ను నేరుగా గంగులప్ప పెదనాయన వసారాలోకి లాక్కుపోయి తలవంచుకొని నిలబడేట్టు చేస్తుంది. డబ్బా మూత పెట్టేసి చింతపండుతోనే పని కానిచ్చాను.

మారికుప్పం స్టేషనుకు పోయే దారిలో, గని కార్మికుల కోసం కట్టిన రేకుల ఇళ్ల వరుసలో, మా ఇంటికి మూడో ఇల్లు ఆయనది. చుట్టరికం ఏమీ లేదు, వరస కలుపుకొని పెదనాయనా అనేదాన్ని. వాళ్ల నాయన చిత్తూరు వైపు పల్లె నుంచి కోలారు బంగారు గని పనికి వచ్చినవాడు. పెదనాయన మాత్రం గనిలోకి దిగలేదు. దిగేవాళ్ల తలదీపాలు చూసుకునే గదిలో పనిచేశాడు. దిగబోయే ప్రతి మనిషికీ దీపం తుడిచి ఇవ్వడం, పైకొచ్చాక తీసుకోవడం ఆయన ఉద్యోగం. బల్బు వెనక తళతళలాడే చిన్న గిన్నె ఉంటుంది, దాన్నే రిఫ్లెక్టరు అంటారు. అది మసకబారితే ఎంత మంచి బల్బయినా దండగే. గని మూతపడ్డాక ఆయన ఆ విద్యనే పాత కార్ల దీపాల మీద పెట్టాడు. పాత కార్ల మోజున్న వాళ్లు బెంగళూరు నుంచి కూడా ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవారు.

మా నాన్న పోయాక ఆయన అంబాసిడర్ నా చేతికి వచ్చింది. కోలారులో నేను లెక్కలు చెప్పే స్కూలుకు అందులోనే పోయేదాన్ని. పాత బండి కాబట్టి రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే తనిఖీకి చూపించాలి. వెనక దీపాలు వెలిగిస్తే అగరువత్తి కొనంత ఎరుపు, అంతే. పెదనాయనకు చెప్పాను. అప్పటికి ఆయనకు కంటి ఆపరేషన్ అయి రెండు నెలలు. ఇంక పని చాలించమని ఆయన భార్య మునెమ్మ పెద్దమ్మ ఒకటే పోరు. నా కారు దీపాలు బాగా వస్తే ఆ మాట మళ్లీ ఎత్తకూడదని ఆమెను ఒప్పించాడు. ఆయన కన్ను పనికొస్తుందా రాదా అన్న తగువు అలా నా కారు మీదికి వచ్చి పడింది.

శనివారం మధ్యాహ్నం వసారాలో పక్కన కూర్చోబెట్టుకొని చూపించాడు. ఎర్ర అద్దాలు విప్పాక చాలాసేపు రిఫ్లెక్టర్లను ముట్టుకోనే లేదు, ఎండకు తిప్పి తిప్పి చూశాడు. తర్వాత గోరువెచ్చని సబ్బు నీళ్లలో ముంచిన దూదితో అద్దడమే తప్ప రుద్దింది లేదు. నేను ఆత్రంగా చెయ్యి పెట్టబోతే మణికట్టు పట్టుకొని ఆపాడు.

“ఈ మెరుపు ఉల్లిపొర మాదిరి ఉండాది మా. రుద్దితే మసకతో పాటు ఇదీ లేచొస్తాది. ముందు కంటితో చూడల్ల. చెయ్యి ఆమీట.”

పిల్లల పేపర్లు కూడా ఇట్లే ఎగబడి దిద్దుతావా అని ఎగతాళి చేశాడు. నిజంగా అట్లాగే దిద్దేదాన్ని. లెక్క తప్పు చేసిన పిల్ల ఎక్కడ దారి తప్పిందో చూడకుండానే ఎర్రగీత కొట్టేసేదాన్ని. ఇప్పుడు పెన్ను తెరిచే ముందు కాసేపు చూస్తాను. అది ఆయన పెట్టిన బుద్ధే.

ఎడమది కొత్తదానిలా వచ్చింది. కుడిదాని అడుగున కాస్త పొగ పట్టినట్టు మరక మిగిలింది. అది వయసు మరక, దాని జోలికి పోవద్దు, వెలుగుకు ఈ మాత్రం చాలునని చెప్పి రెండూ మెత్తటి గుడ్డలో చుట్టి ఇచ్చాడు. బిగించడం ఆదివారం సాయంత్రానికి పెట్టుకున్నాం, సోమవారం తనిఖీ. ఆదివారం మధ్యాహ్నం రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చూస్తే ఆ మరక తప్ప నాకింకేమీ కనపడలేదు. నా చేతులు ఊరుకోవు కదా. ఇత్తడి పాలిష్ రెండు చుక్కలు వేసి రుద్దాను. గుడ్డ నల్లబడింది. మురికి వదులుతోందని సంబరపడి ఇంకా రుద్దాను. వదిలింది మెరుపు. రూపాయి బిళ్లంత మేర కింది రేకు బయటపడింది.

పరుగున ఆయన దగ్గరికి పోయాను. చెప్పేద్దామనే పోయానని చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ పోయేముందు వాసన లేకుండా దాన్ని రెండుసార్లు సబ్బుతో కడిగాను. చెప్పేదాన్నయితే కడగడం దేనికి? నేను నోరు తెరిచేలోపే పెదనాయన దాన్ని ఎండకు తిప్పి చూశాడు. ముఖం పాలిపోయింది.

“నేనే గట్టిగా అదిమినట్టుండాను. కన్ను మోసం చేసింది మా.”

మునెమ్మ పెద్దమ్మ గడపలో నిలబడి చూస్తోంది. నాకు నోరు పెగల్లేదు. అబద్ధం ఆడొద్దని రోజూ నలభై మంది పిల్లలకు చెప్పే నోరే అది. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆయన పాత సామాన్ల పెట్టె బోర్లించి, సరిపోయేది మరొకటి వెతికి, తన చేత్తోనే బిగించి పంపాడు. బండి తనిఖీలో నెగ్గింది.

ఆ తర్వాత ఆయన మళ్లీ దూది పట్టలేదు. బెంగళూరు నుంచి వచ్చినవాళ్లను వసారాలోంచే వెనక్కి పంపేవాడు. నేను వారానికొకసారైనా పోయి కాఫీ తాగి, టమేటా ధర, రైళ్ల ఆలస్యం, అన్నీ మాట్లాడి వచ్చేదాన్ని. ఆ ఒక్క ముక్క మాత్రం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది. సిగ్గుపడుతూ కూర్చోవడంలో రెండేళ్లు గడిచిపోయాయి. ఒక జ్వరంలో ఆయన పోయాడు.

దినాలు అయ్యాక పెద్దమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. “మీ పెదనాయన ఎప్పుడూ, నేను దీపం చెడగొట్టినా ఆ పిల్ల నన్నొక మాట అనలేదు, ఎవురికీ చెప్పలేదు, శానా మంచి మనసని చెప్తా ఉండె నీ గురించి,” అంది. నేను తట్టుకోలేకపోయాను. పాలిష్, గుడ్డ, సబ్బుతో కడగడం, అంతా చెప్పేశాను. ఆమె తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను కూడా.

“అయితే ఆయప్ప కన్ను బాగనే ఉండింది,” అంది. “కన్ను పనికిరాదని నేను దినామూ దెప్పినా గదమ్మా.”

ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే. చెప్పేస్తే నా బరువు దిగుతుందనుకున్నాను. అందులో సగం తీసుకుపోయి ఆ ముసలామె ఒళ్లో పెట్టి వచ్చాను.