తాండ్రకి దిష్టిచుక్క

మా మేనత్త తాండ్రకి వెబ్‌సైట్ తయారుచేసింది నేనే. కాబట్టి జరిగినదానిలో సగం తప్పు నాది. మిగతా సగం ఎవరిదో మీరే తేల్చండి.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో వెబ్‌సైట్ అంటే కొట్టు ముందు బోర్డు లాంటిది. పేరు, ఒక ఫొటో, ఫోన్ నంబరు. చూసినవాళ్లు చూసి వెళ్లిపోయేవారు. ఇప్పుడు ఊరికే చూసి వెళ్లేవాళ్లు లేరు. స్టార్లివ్వాలి, గుండె గుర్తు నొక్కాలి, కామెంటు రాయాలి, దానికి ఇంకొకరు జవాబివ్వాలి. పేజీలో సగం మేం గీస్తే, మిగతా సగం వచ్చినవాళ్లు నింపుతారు. అందుకే వస్తువు ఎక్కడ పెట్టాలా అని కాదు, జనాన్ని ఎక్కడ కూర్చోబెట్టి మాట్లాడించాలా అని ముందు ఆలోచిస్తాం. అత్త పేజీలో నేనొక ఏర్పాటు చేశాను. ఏ కామెంటుకి ఎక్కువ జవాబులొస్తే అది అన్నిటికంటే పైకి వస్తుంది. చేసి, నన్ను నేనే మెచ్చుకున్నాను.

అత్తది శృంగవరపుకోట దగ్గర పల్లె. వేసవంతా పెరట్లో తాటాకు చాపల మీద కోలంగోవ మామిడి రసం పొర మీద పొర పోసి ఎండబెడుతుంది. ఈమధ్య కొనేవాళ్లు తగ్గారు. భోగాపురం దగ్గర కొత్తగా పిండివంటల కొట్టు తెరుస్తున్న ఒకావిడ మాత్రం, మీ పేజీ చూసి సోమవారం చెబుతానంది. ఆ ఆర్డరు వస్తే వచ్చే వేసవికీ తాండ్ర ఉంటుంది. రాకపోతే చాపలు చుట్టి అటకెక్కించేస్తానని అత్త తేల్చేసింది. అన్నదంటే చేస్తుంది కూడా.

శనివారం వెళ్లి పేజీ చూపించాను. తెలిసినవాళ్లు రాసినవే, అన్నీ ఐదు స్టార్లే. మురిసిపోతుందనుకుంటే ముఖం మాడ్చుకుంది.

“ఒసే, అందరూ బాగున్నాది బాగున్నాది అని రాసీసారేటే? దిష్టి తగలదా? పసిగుడ్డుని బుగ్గన సుక్క ఎట్టకండా ఈదిలోకి ఒగ్గేస్తావా?”

“ఇది వెబ్‌సైటత్తా, పసిపిల్ల కాదు.”

“ఏదైతే ఏటి? ఒక్కరు సెడ్డగా రాయాల. అప్పుడుగానీ నాకు నిద్దరపట్టదు.”

దానికి బయటివాళ్లు పనికిరారట. బిడ్డకి చుక్క పెట్టేది ఇంట్లోవాళ్లే కదా అంది. అలా నా ఫోను మావయ్య చేతికి వెళ్లింది. మావయ్య నలభై ఏళ్లుగా ఆ తాండ్ర తింటున్నాడు. ఏనాడూ బాగుందనలేదు, బాగులేదనలేదు. ఇంకో ముక్క కావాలంటే పళ్లెం ముందుకి జరుపుతాడు, అంతే. అలాంటి మనిషి కళ్లజోడు తెచ్చుకుని, అరగంట కూర్చుని, ఒక్క స్టారిచ్చి రాశాడు: “తీపి తక్కువ. రెండేళ్లనుండి సూస్తన్నాను.”

ఏదో చిన్న అబద్ధం రాస్తాడనుకుంది అత్త. నేను చదివి వినిపిస్తే లేచి పెరట్లోకి వెళ్లి చాపలు దులపడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి బంధువర్గమంతా కదిలింది. అత్త తరఫున మాట్లాడడానికి ఎక్కడెక్కడి వాళ్లూ మావయ్య కామెంటు కింద చేరారు. “ఏటి మావా, తిన్నన్నాళ్లూ తిని ఇప్పుడా సెప్పడం?” అని ఒకరు. “నాలిక్కి ఏటైనా రోగమొచ్చినాదా బావా?” అని ఇంకొకరు. ఒక్కొక్కరు తిట్టినకొద్దీ ఆ కామెంటు ఒక్కో మెట్టు పైకెక్కింది. ఆదివారం పొద్దున పేజీ తెరిస్తే నెత్తిన ఒక స్టారు, తీపి తక్కువ. ఐదు స్టార్ల వాళ్లు అడుగున ఎక్కడో ఉన్నారు. నేను మెచ్చుకున్న ఏర్పాటు తన పని తాను చక్కగా చేసుకుపోయింది.

ఆ కామెంటు తీసేస్తానన్నాను. ఎట్టిన సుక్క తుడవకూడదంది అత్త. ఆర్డరు పోతుందత్తా అని బతిమాలాను. “దాని కింద నానూ రాయొచ్చేటి?” అని అడిగింది.

“రాయొచ్చు.”

“అయితే నాను సెప్తాను, నువ్వు రాయి.”

మావయ్య అక్కడే గుమ్మంలో ఉన్నాడు. అయినా అత్త ఆయనకేసి చూడలేదు. నా ఫోనుకేసి చూస్తూ చెప్పింది.

“నీకు సుగరొచ్చినాది. తాండ్ర మానీమంటే మానలేదు. ఇంకేటి సేస్తాను? మొత్తం తాండ్రలోనే పంచదార తగ్గించీసినాను. పోతే బేరాలు పోతాయి, నువ్వుంటే సాలు.”

ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాసి పెట్టేశాను. రెండేళ్లుగా మావయ్య పథ్యాన్ని ఊరంతా తింటోందన్నమాట. బేరాలు ఎందుకు తగ్గాయో అత్తకి తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. పేజీకి రంగులూ బటన్లూ పెడితే జనం తిరిగొస్తారని ఆవిడకి పాఠం చెప్పిన నన్ను తలుచుకుని సిగ్గుపడ్డాను.

సోమవారం నా పని మానుకుని అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం కొట్టావిడ ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాను. అన్నీ చదివే తీరిక లేక పైనున్న కామెంటూ, దాని కింద జవాబులూ చదివిందట.

“మా ఇంట్లోనూ ఒకాయనున్నాడమ్మా, సెప్తే ఇనడు. ఆ తీపి తక్కువదే పంపించండి. ఎంతుంటే అంత.”

నేను ఎగిరి గంతేశాను. అత్త లోపలికి వెళ్లి పళ్లెంలో రెండు ముక్కలు పెట్టి తెచ్చింది. మావయ్య ఒకటి తిన్నాడు. రెండోది తీసి అత్త చేతిలో పెట్టాడు.

“పంచదార మునపట్లాగే ఎయ్యి,” అన్నాడు. “నానే మానీస్తాను.”

అత్త కళ్లు కొంగుతో తుడుచుకుంది.

“ఇప్పుడా సెప్పడం? పంచదారేస్తే వచ్చిన ఆర్డరు పోతాది,” అంది. ఈసారి ఆయనకేసే చూసి అంది.