ఎర్రగైన పసుపు

పొద్దుగాల అంగీ మీది పప్పు మరకకు సబ్బు రాసిన. పసుపు ఎర్రగైంది. సబ్బు పక్కకు పెట్టి కూసున్న.

దోస్తులారా, యాదికున్నదా? తెలంగాణ వచ్చిన ఏడాది, నారాయణపేట బడిల పసుపు అద్దిన కాయిదాలతోని ఆమ్లాలు, క్షారాలు వేరు చేసినం. సున్నపునీళ్లకు కాయిదం ఎర్రగైతె చప్పట్లు కొట్టినం.

గా వారమే మా ఇంట్ల నూలుకు రంగేసే తొట్టి కాడ బాపు చేతి మీద కాస్టిక్ సోడా నీళ్లు ఒలికినయ్. మా అవ్వకు ఏ దెబ్బకైనా పసుపే మందు. రెండు చెంబుల నీళ్లు పోసి, పిడికెడు పసుపు అద్దింది. చూస్తుండంగనే చెయ్యంత నెత్తురు రంగైంది.

"అయ్యో, నా కొడుకు చెయ్యి పాయె!" అని అవ్వ మొత్తుకున్నది. అప్పుడు నాకు బడిల చూసిన కాయిదం యాదికొచ్చింది.

"అవ్వా, గది నెత్తురు కాదు! సోడా ఇంక పోలేదు. నీళ్లు పొయ్!"

బిందెలకు బిందెలు పోసినం. కడిగినంక మళ్ల చిటికెడు పసుపు అద్ది చూసినం. మూడోసారికి రంగు మారలేదు. అప్పుడు బాపును దవాఖానకు తీస్కపోయినం.

పరీక్షల మళ్ల గదే అడిగిన్రు, క్షారంల పసుపు ఏ రంగైతదని. మీరంత రాసి బయటికి ఉరికిన్రు. నాకు బాపు చెయ్యే కండ్ల ముంగట మెదిలింది, 'ఎరుపు' అని రాయనీకె ధైర్యం చాలలేదు.